బోడుప్పల్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా: హైదరాబాద్ ప్రజా రవాణాలో లోపాలు, సరిచేసే దారులు

మీ ప్రశ్న ఇది: బోడుప్పల్‌లో ఇల్లు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త ఉద్యోగం. నగరంలో మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, సిటీ బస్సులు మూడూ ఉన్నాయి. అయినా ఆఫీసులో ప్రతి ఒక్కరూ "బండి కొనుక్కో" అనే అంటున్నారు. ఇన్ని ఉండి కూడా ప్రయాణం ఎందుకింత కష్టంగా ఉంది, బాగుచేసే దారి ఉందా, బండి కొనాలా వద్దా అని అడిగారు.

సిటీ బస్సులకు షెడ్యూళ్లు వేసే పనిలోనూ, ఆ తర్వాత రవాణా సర్వేల్లోనూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. బాగుచేసే దారి ఉంది. అందులో చాలా భాగానికి కొత్త మెట్రో లైనుకు అయ్యేంత ఖర్చు అవసరం లేదు, అన్నేళ్లు ఆగనూ అక్కర్లేదు. అయితే తేడా ఎక్కడ వస్తున్నదో ముందు సరిగ్గా పట్టుకోవాలి.

మీ దారినే చూద్దాం. ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వస్తారు. అక్కడ మెట్రో ఎక్కితే నీలి లైనులో ఇంచుమించు ఒక కొస నుంచి ఇంకో కొసకు, రాయదుర్గం దాకా దాదాపు గంటలో చేరతారు. ఆ రైలు సమయానికి వస్తుంది, సమయానికి చేరుస్తుంది. రాయదుర్గంలో దిగాక ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని విప్రో సర్కిల్ వైపు ఇంకా ఏడు కిలోమీటర్ల దాకా మిగిలే ఉంటుంది. అక్కడ మళ్లీ ఆటో, లేదా క్యాబ్, లేదా వస్తుందో రాదో తెలియని బస్సు. మూడు చోట్ల మూడుసార్లు డబ్బు కట్టాలి. 2025 మే సవరణ తర్వాత మెట్రో గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. దానికి రెండు ఆటోల ఖర్చు కలిపి, రానూపోనూ లెక్క వేసుకుంటే, నెల తిరిగేసరికి బండి వాయిదా, పెట్రోలు కలిపినా ఇంచుమించు అంతే అవుతుంది. మీ ఆఫీసువాళ్లు ఇచ్చిన సలహా వాళ్ల జేబు కోణంలో తప్పేమీ కాదు.

గమనించండి, ఈ ప్రయాణంలో పెద్ద దూరం సాఫీగానే సాగింది. మనిషిని విసిగించేవి రెండు కొసలూ, మారే చోట్లూ. ఆటోవాడు తన ఆటో నడుపుకొంటున్నాడు, మెట్రో తన రైలు నడుపుతోంది, ఆర్టీసీ తన బస్సు నడుపుతోంది. బోడుప్పల్ నుంచి విప్రో సర్కిల్ దాకా మీ ప్రయాణం మొత్తానికి బాధ్యుడు మాత్రం ఎవరూ లేరు. నా దృష్టిలో హైదరాబాద్ ప్రజా రవాణాకు అసలు జబ్బు ఇదే. మిగతా లోపాల్లో ఎక్కువ భాగం దీని నుంచే పుడుతున్నాయి.

ముందు బస్సు సంగతి చెబుతాను. ఎందుకంటే మెట్రో ఎంత పెరిగినా నగరంలో ప్రతి బస్తీకీ ప్రతి కాలనీకీ చేరగలిగేది బస్సు ఒక్కటే. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సేవా ప్రమాణాల ప్రకారం లక్ష జనాభాకు 60 బస్సులు ఉంటే మేలైన స్థాయి, 40 నుంచి 60 ఉంటే ఫరవాలేదు. కోటి దాటిన హైదరాబాద్‌కు ఆ లెక్కన తక్కువలో తక్కువ నాలుగు వేల బస్సులు, మేలైన స్థాయికి ఆరు వేలు కావాలి. రోడ్డు మీద తిరుగుతున్నవి మూడు వేలకు అటూ ఇటూ. 2019లో 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె ముగిశాక నష్టాల పేరుతో నగరంలో సుమారు వెయ్యి బస్సులు తగ్గించారు. ఆ తర్వాత ఊరు పెరిగింది, బస్సులు ఆ మేరకు పెరగలేదు. బెంగళూరు సిటీ బస్సు సంస్థ బీఎంటీసీకి ఆరు వేలకు పైగా ఉన్నాయని గుర్తుంచుకోండి.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఈ పథకం మీద చాలా ఎగతాళి విన్నాను. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇళ్లల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, ఆసుపత్రికి వెళ్లే వృద్ధురాళ్లు ఛార్జీకి వెనకాడి ఇంట్లో ఉండిపోవడమో, మైళ్లకు మైళ్లు నడవడమో నా సర్వేల్లో ప్రతిచోటా కనిపించేది. ఇప్పుడు వాళ్లు బస్సెక్కుతున్నారు. తప్పు ఎక్కడ జరిగిందంటే, గిరాకీ పెరుగుతుందని ముందే తెలిసినా దానికి సరిపడా బస్సులు వెంటనే తేలేదు. అందువల్ల ఉన్న బస్సులే కిక్కిరిశాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కుర్రవాడికి ఆడవాళ్ల మీద కోపం వస్తోంది. ఆ కోపం రావాల్సింది బస్సుల కొరత మీద.

అయితే బస్సుల సంఖ్య పెంచడం ఒక్కటే సరిపోదు. ఇక్కడ షెడ్యూలు లెక్క కాస్త చెప్పాలి, ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ సమాధానంలో ముఖ్యమైన భాగం ఇదే.

పాతిక కిలోమీటర్ల రూటు ఒకటి అనుకోండి. బస్సు సగటున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక వైపు ట్రిప్పుకు 100 నిమిషాలు. రెండు కొసల్లో పది పది నిమిషాల విరామం కలిపితే ఒక రౌండుకు 220 నిమిషాలు. పది నిమిషాలకో బస్సు ఇవ్వాలంటే 22 బస్సులు కావాలి. ఇప్పుడు రద్దీ పెరిగి వేగం 12కి పడిపోయిందనుకోండి. రౌండు 270 నిమిషాలవుతుంది, అదే సేవకు 27 బస్సులు కావాలి. వేగాన్ని 20కి పెంచగలిగితే రౌండు 170 నిమిషాలు, 17 బస్సులు చాలు. అంటే రోడ్డు మీద బస్సుకు దారి ఇవ్వకపోవడం వల్ల ఒక్క రూటులో పది బస్సులు, వాటి డ్రైవర్లు, కండక్టర్లు, డీజిల్ వృథా అవుతున్నాయి. ఇలాంటి రూట్లు నగరంలో ఎన్ని ఉన్నాయో మీరే ఊహించుకోండి. కొత్త బస్సులు కొనడానికి నిధుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తాం. ఉన్న బస్సుల వేగం పెంచితే వచ్చే బస్సుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

రెండో లెక్క ఎదురుచూపుది. పది నిమిషాలకో బస్సు సరిగ్గా వస్తే, లెక్కచూసుకోకుండా స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు రెండేసి కలిసి ఇరవై నిమిషాలకోసారి వస్తే సగటు ఎదురుచూపు పది నిమిషాలు. డిపో రికార్డులో ట్రిప్పులన్నీ తిరిగినట్టే ఉంటాయి. ప్రయాణికుడికి మాత్రం సగం సేవే అందింది. రెండు బస్సులు ఎందుకు కలిసిపోతాయంటే, ముందు బస్సు సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి స్టాపులో ఎక్కువ జనం పోగై ఉంటారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తగ్గుతారు, అది వేగంగా వచ్చి దీన్ని పట్టుకుంటుంది. ఇక కొస దాకా ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా వెళ్తాయి. డ్రైవర్ల తప్పు ఇందులో దాదాపు ఏమీ ఉండదు. ఇప్పుడు బస్సుల్లో ట్రాకింగ్ పరికరాలు వచ్చాయి, 2023లో ఆర్టీసీ 'గమ్యం' అనే యాప్ కూడా తెచ్చింది. ప్రయాణికుడికి బస్సు ఎక్కడుందో చూపించడం మంచిదే. కానీ ఆ సమాచారాన్ని కంట్రోలర్ వాడి, రూటు మధ్యలో ఒక బస్సును రెండు నిమిషాలు ఆపించడం, కొసలో ఖాళీ బస్సును ముందుగా తిప్పడం లాంటి పనులు చేస్తేనే బస్సుల మధ్య వ్యవధి నిలుస్తుంది. దానికి ప్రతి పెద్ద రూటుకూ ఒక మనిషిని కేటాయించాలి. ఖర్చు చాలా స్వల్పం.

మరి వేగం పెంచడం ఎలా? బస్సుకు ప్రత్యేక లేను ఇవ్వాలి. ఈ మాట అనగానే ఢిల్లీలో బీఆర్‌టీ (బస్సులకే విడిగా కేటాయించిన దారి) కారిడార్‌ను తొలగించిన ఉదాహరణ ముందుకు తెస్తారు. మన దగ్గర విశాఖపట్నంలో పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బీఆర్‌టీఎస్ పేరుతో రోడ్లు వేశారు కానీ ఆ పేరుకు తగ్గ బస్సు వ్యవస్థ అక్కడ నిలబడలేదు. అహ్మదాబాద్‌లో 2009 నుంచి నడుస్తున్న జనమార్గ్ అనే బీఆర్‌టీ వ్యవస్థను మాత్రం ఎవరూ చెప్పరు. బెంగళూరులో 2019లో సిల్క్ బోర్డ్, కేఆర్ పురం మధ్య ఔటర్ రింగ్ రోడ్డు మీద బొలార్డులు (అడ్డుగా నిలిపే పొట్టి స్తంభాలు) పెట్టి బస్సులకు లేను కేటాయించారు. పెద్ద నిర్మాణం ఏమీ అక్కర్లేకుండానే బస్సు ప్రయాణ సమయం తగ్గింది. ఆ తర్వాత మెట్రో పనుల్లో అది పోయింది.

హైదరాబాద్‌లో మెట్రో స్తంభాలున్న రోడ్ల జోలికి వెళ్లనక్కర్లేదు. దాదాపు పొడవునా మెట్రో లేని రెండు మార్గాలు చాలు. ఒకటి మెహదీపట్నం నుంచి టోలిచౌకి, షేక్‌పేట మీదుగా గచ్చిబౌలి. రెండోది ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా మెహదీపట్నం, అంటే 300 నంబరు బస్సు తిరిగే దారి. ఈ రెండింటిలో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఎడమవైపు లేనును బస్సులకు వదిలితే చాలు. ఒక లేనులో గంటకు 60 బస్సులు, ఒక్కో బస్సులో 60 మంది చొప్పున వెళ్తే 3,600 మంది. అదే లేనులో కార్లు గంటకు ఎనిమిది వందలు పట్టినా, కారుకు ఒకరూ ఒకరున్నర చొప్పున లెక్కవేస్తే పన్నెండు వందల మంది దాటరు. రోడ్డు పన్ను కట్టేది మేమూ అని కార్లవాళ్లు అంటారు. నిజమే, కానీ రోడ్డు వాహనాల కొలతతో కాకుండా మనుషుల కొలతతో పంచాలన్నదే 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా చెప్పిన మాట.

ఫ్లైఓవర్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. గత పదేళ్లలో ఎస్ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి ప్రణాళిక కింద నగరంలో చాలా ఫ్లైఓవర్లు వచ్చాయి. షేక్‌పేట ఫ్లైఓవర్ దాదాపు 2.8 కిలోమీటర్లు. కానీ బస్సుకు స్టాపులు కింద ఉంటాయి. స్టాపులు ఉన్నచోట జనాన్ని ఎక్కించుకోవాలి కాబట్టి సిటీ బస్సు కిందే, సిగ్నళ్ల మధ్యే, ఆటోల మధ్యే వెళ్లాలి. పైన కార్లు దూసుకుపోతుంటాయి. అంటే ప్రజల డబ్బుతో కట్టిన ఆ వేగంలో బస్సు ప్రయాణికుడికి వాటా దాదాపు దక్కలేదు. కొత్త ఫ్లైఓవర్ గీసే ప్రతిసారీ కింద బస్సుకు ఏమి మిగిలిందో చూపించాలనే నిబంధన పెట్టాలి.

డిపోల తీరులో మారాల్సింది ఒకటుంది. డిపో పనితీరును కిలోమీటరుకు వచ్చే ఆదాయం, ఆక్యుపెన్సీ రేషియో (సీట్లు ఎంత మేరకు నిండాయన్న లెక్క), లీటరుకు వచ్చే కిలోమీటర్లతో కొలుస్తారు. ఈ కొలతలు అవసరమే. కానీ వాటినే పట్టుకుంటే రాత్రి పది గంటల చివరి ట్రిప్పు నష్టం కింద కనిపిస్తుంది, ఎవరో ఒకరు దాన్ని కోసేస్తారు. ఆ ట్రిప్పులో నిజంగా పదిహేను మందే ఎక్కి ఉండవచ్చు. కానీ "ఆలస్యమైనా పది గంటల బస్సు ఉందిలే" అన్న ధైర్యంతో ఉదయం బస్సెక్కేవాళ్లు ఎందరో ఉంటారు. చివరి ట్రిప్పు పోతే వాళ్లందరూ పొద్దున కూడా బండి తీస్తారు. అప్పుడు ఉదయపు ట్రిప్పూ పలచబడుతుంది, దాన్నీ తగ్గిస్తారు. కాలనీ రూట్లు చాలా వరకు ఇలాగే చచ్చిపోయాయి. ఇప్పుడు మహిళల టికెట్ల సొమ్ము ప్రభుత్వమే తిరిగి చెల్లిస్తోంది కాబట్టి, ఆ చెల్లింపుతో పాటు సేవకు కూడా షరతు పెట్టే అవకాశం వచ్చింది. ఫలానా కాలనీకి ఉదయం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా ఎంత వ్యవధిలో బస్సు ఉండాలో రాసుకుని, ఆ వ్యవధి నిలిచిందా లేదా అన్నదాన్ని బట్టి డిపోను కొలవాలి.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఇవి వస్తే పెద్ద ఊరటే. వీటిని ప్రైవేటు సంస్థ నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరు లెక్కన డబ్బు చెల్లిస్తుంది. ఈ పద్ధతిలో ముంబై అనుభవం తప్పక గుర్తుంచుకోవాలి. అక్కడ అద్దె బస్సుల గుత్తేదారులు కొందరు గిట్టుబాటు కావడం లేదని మధ్యలోనే తప్పుకున్నారు. సొంత బస్సులు అప్పటికే తగ్గించుకున్న బెస్ట్ సంస్థ ఇబ్బందుల్లో పడింది. కాబట్టి సొంత బస్సులు కొంత శాతం తప్పకుండా ఉంచుకోవాలి. ఇంకోటి, ఎలక్ట్రిక్ బస్సుకు చార్జింగు జాగా డిపోలోనే కావాలి. డిపో రూటుకు దూరంగా ఉంటే జనం లేకుండా తిరిగే డెడ్ కిలోమీటర్లు పెరుగుతాయి, చార్జింగూ కరిగిపోతుంది. కోకాపేటలో 2023లో ఎకరం వంద కోట్లకు పైగా పలికింది. అంత ధర పలికే ప్రాంతంలో తర్వాత డిపోకు జాగా వెతకడం అసాధ్యం. కొత్త లేఅవుట్ గీస్తున్నప్పుడే బస్సు తిరగడానికి, నిలవడానికి, చార్జింగుకు స్థలం గుర్తించి పక్కన పెట్టాలి.

ఇక మెట్రో. 2017 నవంబరులో మొదలై 2020 ఫిబ్రవరికల్లా 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లకు చేరింది. ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద వ్యవస్థ నిలబడటం గొప్ప విషయమే. అయితే దాన్ని కట్టిన లెక్కలోనే ఒక బలహీనత ఉంది. ఎల్ అండ్ టీ సంస్థతో ప్రైవేటు భాగస్వామ్యంలో, టికెట్ల ఆదాయం సగమే వస్తుందని, మిగతాది ఎక్కువగా మాల్స్, ఆఫీసు భవనాల అద్దెల నుంచి వస్తుందని అంచనా వేశారు. ఆ అద్దెలు అనుకున్నంత రాలేదు, కరోనా వచ్చింది, అప్పు పదమూడు వేల కోట్ల స్థాయికి చేరింది. చివరికి 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. ప్రయాణికుడి కోణంలో దీని అర్థం ఏమిటంటే, రద్దీ వేళల్లో మూడు కోచ్‌ల రైళ్లలో ఊపిరాడకపోయినా కొత్త కోచ్‌లు కొనే తొందర ఎవరికీ ఉండలేదు. స్టేషన్లను ఆరు కోచ్‌ల రైలుకు సరిపోయేలా ప్లాన్ చేశారు. అంటే కొత్త స్టేషన్ ఒక్కటీ కట్టకుండా సామర్థ్యం రెట్టింపు చేయవచ్చు. ప్రభుత్వం చేతికి వచ్చాక మొదట పెట్టాల్సిన ఖర్చు ఇదేనని నా అభిప్రాయం.

పాతబస్తీకి జరిగిన అన్యాయం మాటల్లో తేలేది కాదు. ఆకుపచ్చ లైను ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. ఇరుకు రోడ్లు, ఆస్తుల సేకరణ, ప్రార్థనా స్థలాలు అంటూ ఏళ్లు గడిచాయి. 2024 మార్చిలో మళ్లీ శంకుస్థాపన జరిగింది. నగరంలో అతి ఎక్కువ జనసాంద్రత ఉండి, సొంత కార్లు తక్కువగా ఉండే ప్రాంతానికి అన్నిటికంటే ముందు రావాల్సిన లైను అన్నిటికంటే వెనకబడింది.

రెండో దశ ప్రణాళికలో అయిదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. అంచనా 24,269 కోట్లు. రాష్ట్ర మంత్రివర్గం 2024లో ఆమోదించి కేంద్రానికి పంపింది. వాటిలో మీకు పనికొచ్చేది రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా 11.6 కిలోమీటర్ల లైను. అది వచ్చేదాకా మీరు ఆటో కోసం నిలబడాల్సిన పని లేదు. అదే దారిలో ఇప్పటి నుంచే బస్సును మెట్రోలాగా నడపవచ్చు: రాయదుర్గం స్టేషన్ మెట్ల కిందే స్టాపు, రద్దీ వేళల్లో నాలుగైదు నిమిషాలకో బస్సు, రైలు ఛార్జీలోనే కలిసిన టికెట్, కండక్టర్ లేకుండా స్టాపులోనే టికెట్ తనిఖీ. పది కిలోమీటర్ల చిన్న రూటు కాబట్టి పై లెక్క ప్రకారం ఇరవై ముప్పై బస్సులతో పని అయిపోతుంది. మెట్రో వచ్చేనాటికి జనానికి ఆ అలవాటూ స్థిరపడుతుంది.

ఎంఎంటీఎస్ గురించి తలచుకుంటే బాధగా ఉంటుంది. 2003 ఆగస్టులో మొదలైనప్పుడు నగరానికి అంతకంటే చవకైన, వేగమైన ప్రయాణం లేదు. కరోనాకు ముందు రోజుకు 120కి పైగా సర్వీసులు తిరిగేవి. తర్వాత అవి తగ్గాయి, సమయాలు మారిపోయాయి, జనం దూరమయ్యారు. రెండో దశ మంజూరై పన్నెండేళ్ల వరకు సాగింది. రక్షణ శాఖ స్థలం, రాష్ట్ర వాటా నిధుల పేచీల మధ్య మౌలాలి, సనత్‌నగర్ లైను మీద రైలు తిరగడానికి 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. అసలు చిక్కు ఏమిటంటే, దూరప్రాంత రైళ్లు తిరిగే పట్టాల మీదే ఎంఎంటీఎస్ కూడా తిరగాలి. ఎక్స్‌ప్రెస్ వస్తే లోకల్‌ను పక్కన నిలబెడతారు. ప్రత్యేక లైన్లు వేసేదాకా ఇది పూర్తిగా తీరదు. కానీ ఈలోగా ఒకటి చేయవచ్చు. సర్వీసులు తక్కువైనా సరే, ప్రతి స్టేషన్‌లో గంటకు రెండు రైళ్లు ఒకే నిమిషానికి వచ్చేలా, ఉదాహరణకు ప్రతి గంటా పదో నిమిషం, నలభయ్యో నిమిషం, సమయాలు స్థిరపరచాలి. జనానికి గుర్తుండే సమయపట్టిక రెట్టింపు రైళ్ల కంటే ఎక్కువ మందిని ఎక్కిస్తుంది.

చర్లపల్లి చూడండి. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ మీద భారం తగ్గించడానికి చాలా రైళ్లను అక్కడికి మార్చారు. భవనం అద్భుతంగా ఉంది. తెల్లవారుజామున పిల్లలతో, సామానుతో దిగిన కుటుంబానికి మాత్రం ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వడం తప్ప చాలాసార్లు దారి ఉండదు. టెర్మినల్ ఎప్పుడు తెరుచుకుంటుందో అందరికీ ముందే తెలుసు. ఏ రైలు ఎన్నింటికి వస్తుందో తెలుసు. రైళ్ల సమయాలకు కట్టిన బస్సులు, ఘట్‌కేసర్ మార్గంలో ఉన్న ఎంఎంటీఎస్ సర్వీసులు ప్రారంభం రోజు నుంచే తిరగాల్సింది. రైల్వే భవనం కట్టింది, అక్కడితో తన పని అయిపోయిందనుకుంది. బస్సు పని బస్సు సంస్థదే అనుకుంది.

మారే చోట్ల విషయం కూడా ఇంతే. ఖైరతాబాద్, మలక్‌పేట, భరత్‌నగర్, బేగంపేట, లక్డీకాపూల్‌లలో ఎంఎంటీఎస్, మెట్రో స్టేషన్లు దగ్గరదగ్గరలోనే ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నీడలో, తడవకుండా, రోడ్డు దాటకుండా నడిచే దారి సరిగా లేదు. హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి ఎంఎంటీఎస్‌ది, ఒకటి మెట్రోది. రెండింటి మధ్య కిలోమీటర్ల దూరం. కొత్తగా వచ్చినవాళ్లు ఎంతమంది ఒకదానికి బదులు ఇంకోదాని దగ్గర దిగి చిక్కుకున్నారో. సికింద్రాబాద్‌లో రేతిఫైల్, గురుద్వారా, బ్లూసీ, చిలకలగూడ అంటూ ఒక్కో వైపు బస్సు ఒక్కో చోట ఆగుతుంది. సామానుతో ఉన్న మనిషి నాలుగు రోడ్లు దాటాలి. ఉప్పల్ కూడలిలో 2023లో 660 మీటర్ల స్కైవాక్ కట్టారు. ఆ పని బాగుంది, మీకు రోజూ ఉపయోగపడుతుంది. అయితే ప్రతిచోటా పైకెక్కించాలని లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేల మీద సిగ్నల్ ఇచ్చి ముప్పై సెకన్లు దాటనివ్వడమే అన్నిటికంటే మంచి వంతెన. ప్రతి మెట్రో స్టేషన్ చుట్టూ అర కిలోమీటరు దాకా విరగని, ఆక్రమణ లేని ఫుట్‌పాత్, రాత్రిపూట దీపాలు ఉంటే చాలామంది ఆటో ఖర్చు మానేసి నడుస్తారు. ముఖ్యంగా రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఆడపిల్లలకు దీపం లేని ఆ మూడు వందల మీటర్లే మొత్తం ప్రయాణాన్ని నిర్ణయిస్తాయి.

ఒకే టికెట్ కష్టమైన సాంకేతిక సమస్య అని ఎవరైనా చెబితే నమ్మకండి. చెన్నైలో 2025 సెప్టెంబరులో 'చెన్నై వన్' అనే యాప్ తెచ్చారు. బస్సు, మెట్రో, లోకల్ రైలు ఒకే క్యూఆర్ టికెట్‌తో తిరగవచ్చు. అక్కడ అది సాధ్యపడటానికి కారణం యాప్ తయారు చేసినవాళ్ల తెలివి కంటే, వెనక చట్టబద్ధంగా ఏర్పడ్డ కుమ్టా అనే ఉమ్మడి రవాణా సంస్థ. మన దగ్గరా అలాంటిది 2008లోనే హుమ్టా పేరుతో ఏర్పాటైంది. 2017 కేంద్ర మెట్రో విధానం ఇలాంటి సంస్థను తప్పనిసరి చేసింది కూడా. కానీ సొంత నిధి లేక, సొంత అధికారం లేక అది సమావేశాల స్థాయి దాటలేకపోయింది. ఆర్టీసీ రవాణా శాఖ కింద, మెట్రో పురపాలక శాఖ కింద, ఎంఎంటీఎస్ రైల్వే కింద, రోడ్లు నగరపాలక సంస్థ కింద, సిగ్నళ్లు పోలీసుల కింద ఉంటే, ఒక బస్సు స్టాపును యాభై మీటర్లు జరపడానికి కూడా మూడు శాఖల సంతకాలు కావాలి. హుమ్టాకు మూడు అధికారాలు ఇస్తే చాలు: ఉమ్మడి ఛార్జీ నిర్ణయించి ఆదాయాన్ని పంచడం, రూట్లు, వ్యవధులు నిర్ణయించడం, మారే చోట్ల రోడ్డు, ఫుట్‌పాత్ పనులకు నేరుగా డబ్బు ఖర్చు చేయడం. ఇవి లేకుండా ఇంకో బోర్డు పెట్టినా ఫలితం ఉండదు.

ఉమ్మడి ఛార్జీ అంటే ఒక కార్డు తేవడం మాత్రమే అనుకోవద్దు. కార్డు ఒకటైనా మూడుసార్లు కోత పడితే మీకు లాభం లేదు. గంటన్నర లోపు మారితే రెండో బస్సుకో రైలుకో కనీస ఛార్జీ మళ్లీ పడకూడదు. అప్పుడే స్టేషన్‌కు చేర్చే చిన్న ఫీడర్ బస్సు ఎక్కడం మనిషికి నష్టంగా అనిపించదు.

ఇవన్నీ చెప్పాక మీ ఆఖరి ప్రశ్నకు వస్తాను. బండి కొనాలా? బోడుప్పల్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా రోజూ బండి మీద వెళ్లడానికి మాత్రం కొనకండి. ఆ దూరం రెండు పూటలా, ఆ రద్దీలో, ఎండలో వానలో, కొన్ని నెలలకే ఒంట్లో ఓపిక మిగలదు. ప్రమాదం సంగతి వేరే చెప్పక్కర్లేదు. వీలైతే అద్దె ఇల్లు ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడలలో మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో చూసుకోండి. అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా ఒక ఆటో పూర్తిగా పోతుంది. ఇల్లు మారడం కుదరకపోతే సైకిలో, పాత స్కూటరో ఉప్పల్ స్టేషన్ దాకా మాత్రమే వాడండి.

రాయదుర్గం తర్వాతి ముక్కకు రెండు ప్రయత్నాలు చేయండి. మీ కంపెనీ గానీ, అదే భవనంలోని ఇతర కంపెనీలు గానీ స్టేషన్ నుంచి షటిల్ నడుపుతున్నాయేమో అడగండి. లేకపోతే మీ భవనంలో రాయదుర్గంలో దిగేవాళ్ల జాబితా తయారు చేయండి: ఎంతమంది, ఏ షిఫ్టు, స్టేషన్‌లో ఎన్నింటికి దిగుతారు, సాయంత్రం ఎన్నింటికి బయలుదేరతారు. ఆర్టీసీ డిపోల్లో 'డయల్ యువర్ డిపో మేనేజర్' కార్యక్రమం జరుగుతుంటుంది, ఆ రోజున ఫోన్ చేసి, జాబితాను రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. "బస్సులు వేయండి" అన్న వినతులు డిపోకు రోజూ వస్తాయి, వాటితో షెడ్యూలు వేసే మనిషి ఏమీ చేయలేడు. "ఉదయం 8.40 నుంచి 9.20 మధ్య ఈ స్టేషన్ నుంచి ఈ గేటు దాకా 140 మంది" అన్న తరహా కాగితం చేతికొస్తే, ఏ బస్సును ఎక్కడ నుంచి మళ్లించి ఆ రెండు మూడు ట్రిప్పులు కుదర్చవచ్చో వెంటనే లెక్క వేయగలడు. ఆ కాగితం నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, రాసి పెడతాను.